గేటుకీ ఈక్వల్‌కీ మధ్య

పిడుగురాళ్ల సున్నపు బట్టీ పక్కన ఏజెంట్ జాన్ బాషా శవం దొరికింది. అరచేతిలో బాల్‌పెన్‌తో ఒకే మాట: %GATE%.

"పాస్‌వర్డా సార్?" అడిగాడు ఏజెంట్ ప్రేమదాసు.

"ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్," అన్నాడు చీఫ్ రాఘవులు. "ఒక రకం మారుపేరు. బ్యాచ్ ఫైల్లో, అంటే కంప్యూటర్‌కి రాసిపెట్టే ఆజ్ఞల జాబితాలో, రెండు శాతం గుర్తుల మధ్య పేరు పెడతారు. రన్ అయ్యేటప్పుడు ఆ పేరు చోట అసలు విలువ వచ్చి కూర్చుంటుంది."

"మనలాగే."

రాఘవులు నవ్వలేదు. అది 2003, మిర్చి సీజన్. గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీ. దాన్ని చల్లబరిచే అమ్మోనియా విషవాయువు వాల్వులన్నీ ఒకే కంప్యూటర్ చేతిలో ఉన్నాయి. ఆ పైపుల కిందే, షెడ్డులో, రెండొందల మంది ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తుంటారు.

"డబ్బుకి విధ్వంసాలు చేసే విక్టర్ ముఠా అందులో పెట్టిన బ్యాచ్ ఫైల్లో ఉన్నది ఒక్క లైనే. valve %GATE%. ఎవరు తనిఖీ చేసినా తప్పు పట్టలేరు. GATE విలువ OPEN అని పెట్టి ఆ ఫైలు నడిపిన క్షణం షెడ్డులో ఒక్కరూ మిగలరు. గుంటూరు మిర్చి పేరెత్తితే విదేశాల్లో కొనేవాడుండడు. రేపు ఆ విలువ టైప్ చేసేది భానుశ్రీ. మన మనిషే. విక్టర్ మనిషి కూడా."

"అసలు ఎవరి మనిషి?"

"తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? షెడ్డు ఖాళీ చేయిస్తే విక్టర్ ఎగిరిపోతాడు. రెడ్ హ్యాండెడ్‌గా పట్టాలి."

ఆ చివరి మాట ప్రేమదాసుకి మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున యూపీఎస్ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. మల్టీమీటర్ డబ్బాలో పిస్టల్. షెడ్డు దాటుతుంటే తుమ్ముల మీద తుమ్ములు.

"ఏ ఊరు బాబూ నీది? ఈ మాత్రం ఘాటుకేనా?" అని నవ్వింది తొడిమలు తీస్తున్న సామ్రాజ్యం. ఆ నవ్వు చూడలేక అతను గబగబా ఆఫీసు వైపు నడిచాడు.

ఆఫీసు గదిలో ఎవరూ లేరు. కంప్యూటర్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ తెరిచి GATE=CLOSE అని చేర్చాడు. భానుశ్రీ మన మనిషై విలువ కొట్టకపోతే వాల్వు మూసే ఉంటుంది. సగం గండం గడిచిందనుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. మంగళగిరి చీర, నల్ల కళ్ళద్దాలు, మల్లెల సెంటు. భానుశ్రీ. వెనకాలే విక్టర్.

"యూపీఎస్ అయిందా?"

"అయిపోవచ్చిందండి."

ఆమె టాస్క్‌బార్‌లో అణిగి ఉన్న, ఆజ్ఞలు టైప్ చేసే నల్ల విండోని పైకి తెచ్చింది. ప్రేమదాసుకి అప్పుడు తట్టింది. రిజిస్ట్రీలో ఎంత మార్చినా, ముందే తెరిచి ఉన్న విండోకి ఆ కబురు అందదు!

ఆమె set GATE వరకు కొట్టింది. గట్టిగా తుమ్మింది. తడబడుతూ =OPEN పూర్తి చేసింది.

"పాడు ఘాటు," అంది ముక్కు తుడుచుకుంటూ.

"క్విక్!" అన్నాడు విక్టర్.

ఆమె బ్యాచ్ ఫైల్ పేరు కొట్టి, వేలు ఎంటర్ మీద పెట్టింది. ప్రేమదాసు డబ్బాలోంచి పిస్టల్ లాగి కాల్చాడు. గుండు ఆమె భుజంలో దిగింది, కానీ అప్పటికే కీ పడిపోయింది.

పారిపోబోయిన విక్టర్‌ని బయట కాపు వేసిన కమాండోలు గుమ్మంలోనే పట్టుకున్నారు. ప్రేమదాసు కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. షెడ్డులో కేకల్లేవు. వాసన లేదు. వాల్వు కదల్లేదు.

వెనక్కొచ్చి తెర చూశాడు. valve అన్న మాట పక్కన ఏమీ లేదు. పై లైను చదివాడు. GATEకీ ఈక్వల్ గుర్తుకీ మధ్య ఒక స్పేస్. ఆ ఖాళీ వల్ల అది వేరే పేరైపోయింది. OPEN దానికి పోయింది, అసలు GATE ఉత్తదిగా మిగిలింది.

"తుమ్మినప్పుడు వేలు జారిందా?" అని గొణిగాడు.

చప్పుడు విని వచ్చిన సామ్రాజ్యం భానుశ్రీ తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. "మా భాను తుమ్మిందా? యార్డులో మిర్చి టిక్కీ బస్తాల మీద పడుకుని పెరిగిన పిల్లయ్యా ఇది! దీనికి ఘాటేంది?"

ప్రేమదాసు చేతిలో పిస్టల్ బరువెక్కింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

స్ట్రెచర్ మీద భానుశ్రీ కళ్ళు తెరిచింది. "స్పేస్ చూడలేదా?"

"చూశాను. కాల్చాక."

నిండిన కళ్ళు తుడుచుకుని, "ఘాటు," అన్నాడు.

"అబద్ధాలాడటం నా ఉద్యోగం ప్రేమదాసూ," అంది భానుశ్రీ. "నీకు చాతకాదు."