వెచ్చగా మారిన గోడ

సౌందర్య బడి నుంచి వచ్చేసరికి మంచు ఇంకా కొండ దిగలేదు. పక్కింట్లో కనక మామ్మ గోడకు అరచెయ్యి ఆనించి ఎవరితోనో మాట్లాడుతోంది. తీరా చూస్తే లోపల మామ్మ తప్ప ఎవరూ లేరు.

"ఎవులితో మామ్మా?"

"ఇలగ రాయే గుంటా. సెయ్యెట్టి సూడు."

ఇంత చలిలోనూ మట్టిగోడ మనిషి ఒంటిలా వెచ్చగా ఉంది. అవతల నుంచి సన్నగా మూలుగు వినిపిస్తోంది.

"మా ముసిలోడొచ్చినాడే" గుసగుసగా అంది మామ్మ. "లైటు ఆపేసినాను. అయినా అటు సూడు."

బల్బు ఆరిపోయి ఉంది. మీటర్లో ఎర్రలైటు మాత్రం టకటకా కొట్టుకుంటోంది. మామ్మ మొగుడు గాసి తాత పోయి ఏడాదైంది. గోడ దగ్గర ఆయన కోసం పెట్టిన అంబలి చల్లారిపోయింది.

సౌందర్య గోడ మీంచి చెయ్యి లాగేసుకుంది. తాతకు భయపడి కాదు. ఆ మూలుగు దేనిదో తనకు తెలుసు!

గోడకు అవతల సౌందర్య వాళ్ల కోళ్లపాక ఉంది. లాడ్జి వాళ్లు పారేసిన హీటరు నాన్న తెచ్చాడు. చలికి కోడిపిల్లలు చచ్చిపోతుంటే అది పెడదామని సౌందర్య అడిగింది. అమ్మ ఒప్పుకోలేదు. "యూనిట్లు దాటితే గవర్నమెంటిచ్చే ఫ్రీ పోతాది. బిల్లంతా మనమే కట్టాల" అంది.

మామ్మ ఇంట్లో ఉన్నది ఒక్కటే బల్బు. ఆమె ఫ్రీ కరెంటు ఊరికే పోతోంది కదా అనుకుంది సౌందర్య. తెలివంటే తెలివే! ఎవరికీ చెప్పకుండా, మామ్మ ఇంట్లో లేనప్పుడు ఆమె ప్లగ్గుకు వైరు తగిలించి, హీటరును పాకలో ఈ గోడవారనే బుట్టల చాటున పెట్టింది.

"సలేసిందేమో, కరెంటంతా ఆడే తాగేసినాడు" అంటోంది మామ్మ. "పొద్దున బిల్లొచ్చింది. ఫ్రీ పోయిందంట. కట్టకపోతే లైను కోసేత్తారంట. మేకనమ్మేత్తాన్లే. ఆడొచ్చినాడు, నాకదే సాలు."

మామ్మకు ఉన్నది ఆ ఒక్క మేకే. సౌందర్య పాకలోకి పరిగెత్తి హీటరు ఆపేసింది. మూలుగు ఆగిపోయింది.

గోడ అవతల నుంచి మామ్మ గొంతు వినిపించింది.

"ఎల్లిపోతన్నావేటి? ఇంకాసేపు ఉండవా?"

సౌందర్యకు ఏడుపు ఆగలేదు. వెళ్లి మామ్మ ప్లగ్గు నుంచి వైరు పీకి, చేత్తో పట్టుకునే అంతా చెప్పేసింది.

మామ్మ తిట్టలేదు. గోడ మీంచి చెయ్యి తీసింది.

"అయితే ఆడు రాలేదన్నమాట."

తిట్టినా బాగుండేది.

"మేకనమ్మకు మామ్మా. నా కోడిపిల్లల్ని అమ్మేత్తాను."

శుక్రవారం సంతలో అన్నీ అమ్మేసింది. తక్కువైంది నాన్న వేశాడు. అమ్మ చెవి మెలేసింది. బిల్లు కట్టేశారు.

ఆ సాయంత్రం సౌందర్య వేడివేడి అంబలి తీసుకుని మామ్మ ఇంటికి వెళ్లింది. ఎప్పుడూ తన ఇల్లే అన్నట్టు దూసుకుపోయే పిల్ల, ఈసారి గుమ్మం బయటే నిలబడింది.

"మామ్మా, లోనికి రావచ్చా?"

మంచు కాళ్లకు చుట్టుకుంటోంది. సౌందర్య గడప దాటకుండా అక్కడే నిలబడి ఉంది.

"రాయే, బేగి. సల్లారిపోతాది" అంది మామ్మ.

అప్పుడు లోపలికి వెళ్లింది.