రాహుకాలానికి రెండు నిమిషాలు

ఒంటి తుమ్ము వినపడగానే ఆగిపోయే మనిషిది భక్తా, భయమా, నాటకమా?

ఈ సందేహం వీరభద్రను పదకొండేళ్లుగా వదల్లేదు. గూఢచారి విభాగంలో అతను తేల్చలేని కేసు అదొక్కటే. నేనూ తుమ్ముకు ఆగేవాణ్ణే కాబట్టి అతని బాధ నాకు కొంత అర్థమవుతుంది.

అది మైదుకూరులో జరిగింది. పసుపు గోదాము వెనక సందులో ఏసన్న అనే ఏజెంటు ఒక విదేశీ ముఠా మనిషిని కలవాలి. వీరభద్ర, వాళ్ల చీఫ్ రంగస్వామి లాడ్జి నుంచి వెళ్లి అతనికి అండగా నిలబడాలి. గడప దాటబోతుండగా లాడ్జి మేనేజరు తుమ్మాడు. ఒక్కసారే. రంగస్వామి వెనక్కి తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి నిదానంగా తాగాడు. మూడు నిమిషాలు పోయాయి. వాళ్లు సందులోకి చేరేసరికి ఏసన్న పసుపు మూటల మీద ఒరిగి ఉన్నాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ ఉదయమే ఏసన్న తన టిఫిన్ డబ్బా వీరభద్ర చేతిలో పెట్టాడు. "ఉగ్గాణి ఉండాది, తినప్పా. డబ్బా మాత్రం మరిచిపోవద్దు. మీ వదిన నా ప్రాణం తీస్తాది."

తినడం అయింది. డబ్బా మాత్రం వీరభద్ర దగ్గరే ఉండిపోయింది. మన వైపు ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏసన్న భార్య జ్ఞానమణికి ఆ డబ్బాలో ఏం పెట్టి ఇవ్వాలి? ఆ రోజు ఎందుకు ఆలస్యమైందని ఆమె అడిగితే ఏం చెప్పాలి? పదకొండేళ్లుగా ఆ డబ్బా అతని సంచిలో ఊరూరా తిరుగుతోంది.

* * *

సోమవారం. కర్నూలు. కొండారెడ్డి బురుజుకు దగ్గరలో, బయట ట్యుటోరియల్ బోర్డు తగిలించిన గది.

"ఆపరేషన్ జల్లెడ," అన్నాడు రంగస్వామి ఫైలు తెరుస్తూ. నుదుట విభూతి, వేలికి నవరత్నాల ఉంగరం. "ఇక్కడే పాతబస్తీలో షబీనా అని ఒక ఇంజినీరు. వాళ్ల నాయన ఇమాం బాషా రేడియోలు రిపేరు చేసేవాడు. ఆ దుకాణంలోనే ఈ పిల్ల ఒక బోర్డు తయారు చేసింది. మన సైన్యం రేడియోలను శత్రువు జామ్ చేసినా, రొదలోంచి మాటను ఏరి పైకి తెస్తాది."

"అది ఎవరికి కావాలి సార్?"

"బయటి దేశపు ముఠాకు. ఆ ఫిల్టరు లోపలి లెక్క వాళ్లకు చిక్కితే, దాన్ని మోసం చేసే జామరు నెలలో తయారవుతాది. అప్పుడు కొండ మీద మన జవాను రేడియోలో ఎంత అరిచినా ఎవరికీ వినపడదు."

రంగస్వామి ఒక ఫోటో ముందుకు తోశాడు. పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, ఎవరినీ లెక్కచేయని నవ్వు.

"యశోద. పైకి నాపరాయి ఎగుమతి వ్యాపారం. లోపల ముఠా పని. మనకూ పనిచేస్తాండా అంటాది. ఆ యమ్మ మాట నమ్మొద్దు."

"మరి ఎవర్ని నమ్మాల సార్?"

"నన్ను నమ్మప్పా," అని నవ్వాడు చీఫ్.

* * *

బుధవారం. బేతంచెర్ల రైల్వే స్టేషను. నల్ల కళ్లద్దాల మనిషి టీ గ్లాసుతో వచ్చి వీరభద్ర పక్కన బెంచీ మీద కూర్చుంది.

"పసుపు ధర ఎట్లుండాది?"

"ఇంకా తడి ఆరలేదు."

కోడ్ కలిసింది. యశోద చెవికమ్మ తీసి అతని చేతిలో పెట్టింది. కమ్మ లోపల మెమరీ చిప్.

"ఊరి బయట పాలిష్ ఫ్యాక్టరీలో మా పెద్దతో మాట్లాడేకి ఒకాయన వచ్చినాడు. ముఖానికి టవలు చుట్టుకున్నాడు. నన్ను బయటికి పొమ్మన్నారు. అంతకు ముందే, షబీనా ఫోనులో చెప్పినట్లే రెండు మైకులు పెట్టినా. ఒకటి బల్ల కింద, ఒకటి మిషను పక్కన."

"ఎవరాయన?"

"ముఖం చూడలేదు. కానీ మీ ఫైలులో ఉండేదంతా చెబుతాండాడంట. మీలోనే ఒకడు." ఆమె లేచింది. "నన్ను నమ్మొద్దని చెప్పినారు కదా మీ సారు?"

అతను కమ్మను జేబులో వేసుకున్నాడు. ఆమె టీ డబ్బులు కూడా ఇవ్వకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వీరభద్ర ఆ రికార్డింగును చీఫ్‌కు వినిపించాడు. మిషన్ల హోరు తప్ప ఏమీ లేదు. రంగస్వామి హెడ్‌ఫోన్ తీసేశాడు. "రాయి సానపట్టే చప్పుడు. తుడిచెయ్యప్పా."

వీరభద్ర తుడిచేయలేదు. పదకొండేళ్లలో చీఫ్ ఏ రికార్డింగునూ ఇలా నాలుగు సెకన్లలో పక్కన పెట్టలేదు.

* * *

గురువారం మధ్యాహ్నం. ఇమాం బాషా దుకాణం. గోడ నిండా మూగబోయిన పాత రేడియోలు. వాటి మధ్య, బల్ల మీద, అరచేతి వెడల్పున పచ్చటి బోర్డు.

షబీనా రెండు రికార్డింగులనూ బోర్డుకు కలిపింది. "చూడన్నా, మిషను పక్కనుండే మైకుకు రొద ఒక్కటే వినపడతాది. బల్ల కింద మైకుకు రొదా, మాటా రెండూ. దీంట్లోంచి దాన్ని తీసేస్తే?"

"మిగిలేది మాట."

"అంతే. కానీ గోడకు తగిలి వచ్చే రొద వేరు, నేరుగా వచ్చే రొద వేరు. క్షణక్షణం కొలతలు మారతాంటాయి. ఆ మార్పును వెంటాడేదే ఈ ప్రాసెసర్ పని. మా నాయన చెవితో చేసేవాడు. నేను లెక్కతో చేస్తాండా."

స్పీకరులో గుయ్యిమని చప్పుడు మొదలైంది. షబీనా కిటికీ వైపు చూసి విసుక్కుంది. "ఎదురు మిద్దె మీద సెల్ టవరు. దాని సిగ్నల్ బోర్డులోకి దూరతాంది. దీని మీద బోర్లించేకి స్టీలు మూత ఏమన్నా ఉండాదా అన్నా?"

వీరభద్ర సంచిలో చెయ్యి పెట్టి కాసేపు ఆగాడు. తర్వాత ఏసన్న డబ్బా మూత తీసి ఇచ్చాడు.

"మళ్లీ ఇస్తావు కదా?"

"పని అయినాక ఇస్తాలే అన్నా. స్టీలు మూతకు ఎంత దిగులు నీకు!"

ఆమె మూతను బోర్డు మీద బోర్లించి, అంచుల్లో నాలుగు చోట్ల టంకం వేసింది. గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. తర్వాత మిషన్ల హోరు, దూరంగా వెళ్లిపోతున్న వానలాగా, మెల్లమెల్లగా తగ్గింది. అడుగు నుంచి ఒక గొంతు తేలింది.

"...శుక్రవారం. బోర్డు నేనే తెస్తా. పదిన్నరకు రాహుకాలం వస్తాది. ఆ లోపల నేను మీ కారెక్కాల. ఆలస్యమైతే నేను రాను..."

షబీనా ముఖం ఎత్తింది. "ఎవరన్నా ఇది?"

వీరభద్ర స్పీకరు ఆపేశాడు.

"నాకు ఈ పని నేర్పినోడు."

రేపు ఉదయం ఎనిమిదికి బోర్డును తనకు అప్పగించాలని రంగస్వామి సంతకంతో ఉత్తర్వు అప్పటికే బల్ల మీద ఉంది. షబీనా దాన్ని చించబోయింది. వీరభద్ర ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇచ్చెయ్. ఆయన చేతిలో బోర్డు లేకుంటే ముఠా పెద్ద బయటికి రాడు."

"నకిలీది ఇస్తా."

"ఆయన వెలిగించి చూడకుండా తీసుకోడు. నాకు నేర్పింది ఆయనే."

"కారు ఎక్కితే నా నాలుగేండ్ల పని పోతాదన్నా. దాని వెనక ఎంతమంది జవాన్లు పోతారో." ఆమె ఉత్తర్వును బల్ల మీద పెట్టేసింది. "ఆపుతావా?"

"ఆపుతా," అన్నాడు. ఎలాగో అప్పటికి అతనికీ తెలియదు.

* * *

శుక్రవారం. పది ఇరవై.

పాలిష్ ఫ్యాక్టరీలో నాలుగు మిషన్లు తిరుగుతున్నాయి. రాళ్ల మీద నీళ్లు పారుతున్నాయి. ఒళ్లంతా తెల్ల బురదతో, తలకు గుడ్డతో ఒక కూలీ పలకలు మోస్తున్నాడు. వాడు వీరభద్ర.

షెడ్డు మధ్యలో బల్ల. ఒకవైపు రంగస్వామి, మరోవైపు తెల్లచొక్కా విదేశీయుడు. ఇద్దరు తుపాకీ మనుషులు. బయట ఇంజను ఆపని కారు. బల్ల నుంచి గుమ్మానికి పదిహేను అడుగులు.

రంగస్వామి బోర్డును వెలిగించి చూపించాడు. స్టీలు మూత తళుక్కుమంది. విదేశీయుడు తల ఊపాడు.

వీరభద్ర చెవిలోని రిసీవరు గరగరలాడింది. నంద్యాల నుంచి వస్తున్న పోలీసు అధికారి గొంతు. "గేటు పడింది సార్. గూడ్సు బండి. మూడు నిమిషాలు పడుతుంది."

పది ఇరవై ఎనిమిది. రంగస్వామి గడియారం చూసుకుని, బోర్డును సంచిలో పెట్టుకుని లేచాడు. తుపాకీ తీస్తే ఇద్దరితో తలపడాలి, కారు ఆగదు. మూడు నిమిషాలు. వీరభద్రకు మైదుకూరు గుర్తొచ్చింది.

అతను చేతిలోని పలకను దించి, గోడ వైపు నడిచి, ఫ్యూజు పీకేశాడు.

మిషన్లు మూలిగి ఆగిపోయాయి. ఎవరూ తల కూడా తిప్పలేదు. మన ఊళ్లలో కరెంటు పోతే ఎవరు కంగారు పడతారు? "పాయ కరెంటు," అని ఒక కూలీ గుడ్డ పరుచుకుని కూర్చున్నాడు. అంత హోరు పోయాక నీటిచుక్క రాలినా వినపడుతోంది.

వీరభద్ర నడుములోంచి నశ్యం డబ్బీ తీసి ముక్కులోకి ఎక్కించాడు. విభాగం అతనికి ఇచ్చిన ఏ పరికరమూ అంత చిన్నది కాదు, అంత చవకదీ కాదు.

రంగస్వామి గుమ్మంలో కాలు ఎత్తాడు.

హాచ్!

ఎత్తిన కాలు అలాగే ఆగింది. విదేశీయుడు వెనక్కి చూశాడు. "కమాన్!"

అసలు కష్టం అప్పుడు మొదలైంది. నశ్యం ఒక్క తుమ్ముతో పోదు. రెండోది వచ్చిందంటే జంట తుమ్ము. జంట తుమ్ము శుభం. శుభమైతే చీఫ్ కారెక్కేస్తాడు. వీరభద్ర ముక్కును రెండు వేళ్లతో బిగించి, పళ్లు కరిచి, మనసులో యాగంటి ఈశ్వరుణ్ణి తలచుకున్నాడు. కళ్లు నీళ్లు కారుతున్నాయి. తల పగిలేలా ఉంది. రెండో తుమ్ము గొంతు దాకా వచ్చి, ఆగి, ఆగి, లోపలే చచ్చిపోయింది.

రంగస్వామి క్షణం సేపు ఎదురుచూశాడు. రెండోది రాలేదు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"మంచినీళ్లు ఇయ్యండప్పా."

విదేశీయుడు అరిచాడు. రంగస్వామి నిదానంగా తాగి, గ్లాసు పెట్టి, గడియారం చూసుకున్నాడు. పది ముప్పై ఒకటి. రాహుకాలం వచ్చేసింది.

"పన్నెండు దాకా నేను కదలను," అన్నాడు.

విదేశీయుడు సంచిని లాక్కుని గుమ్మం దాకా పరిగెత్తాడు. అప్పుడే రెండు పోలీసు బండ్లు కారుకు అడ్డంగా వచ్చి నిలిచాయి. తుపాకీ మనుషులు చేతులు పైకెత్తారు.

వీరభద్ర తలగుడ్డ విప్పి చీఫ్ ఎదురుగా నిలబడ్డాడు. రంగస్వామి ఆ తెల్ల బురద ముఖాన్ని తేరిపార చూశాడు.

"తుమ్మింది నువ్వా?"

"నేనే సార్."

"ఒక్కసారే తుమ్మితివే." అందులో కోపం లేదు. పాఠం సరిగా అప్పజెప్పిన శిష్యుణ్ణి చూసినట్లు చూశాడు.

"మైదుకూరులో కూడా ఇట్లే కూర్చున్నారు. ఆ రోజు నాటకమా సార్?"

"లేదప్పా. ఆ రోజు నిజంగా భయపడినా." రంగస్వామి ఉంగరం తిప్పుకున్నాడు. "ఏసన్న పోయినాక నా మీద నాకే నమ్మకం పాయ. అట్లాంటోడు అమ్ముడుపోయేకి ఎంతసేపు?"

పదకొండేళ్ల సందేహం తీరింది. అయినా వీరభద్రకు తేలిక కాలేదు. అది నాటకమే అయి ఉంటే ఈ మనిషిని ద్వేషించడం సులువయ్యేది. ఏసన్న చనిపోయిన రోజున రంగస్వామి మంచివాడే. తర్వాత ఎప్పుడో, తన పక్కనే కూర్చుని అన్నం తింటూ, తనకు పని నేర్పుతూ ద్రోహి అయ్యాడు. ఏ రోజున అయ్యాడో వీరభద్రకు తెలియనే లేదు. నమ్మొద్దని చీఫ్ చెప్పిన యశోద నిజం చెప్పింది. తనను నమ్మమన్న మనిషి చేతికి బేడీలు పడ్డాయి.

* * *

ఆదివారం వీరభద్ర మైదుకూరు బస్సు దిగాడు. చర్చి నుంచి అప్పుడే వచ్చిన జ్ఞానమణి గుమ్మంలో నిలబడి ఉంది. అతన్ని గుర్తుపట్టేందుకు ఆమెకు కాసేపు పట్టింది. అతను డబ్బా చాపాడు. లోపల తన భార్య రామేశ్వరమ్మ చేసిన ఉగ్గాణి, పైన అరిటాకు ముక్క కప్పి ఉంది.

"వదినా, ఏసన్న డబ్బా. ఆ రోజు మేము మూడు నిమిషాలు ఆలస్యంగా పోయినాము. తుమ్ముకు భయపడి ఆగినాము. వేరే కారణం లేదు. ఇన్నేండ్లూ అది చెప్పేకి నాకు నోరు రాలేదు."

జ్ఞానమణి డబ్బాను రెండు చేతులా అందుకుంది. అడుగున గీసి ఉన్న ఏసన్న పేరును వేలితో తడిమింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంతా బాగుండాది. మూత యాడప్పా?"

"కోర్టులో ఉండాది వదినా," అన్నాడు వీరభద్ర. "సాక్ష్యం చెప్పేది ఉండాది."