సంజవేళ రోలు మోగని లైను

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీలకు వరసగా కట్టిన ఆ లైన్ ఇళ్ళవాళ్ళు సంజవేళ రోలు ముట్టరు. మిరపకాయలు దంచాలన్నా, వెల్లుల్లి నలగ్గొట్టాలన్నా దీపం పెట్టేలోపే కానిచ్చుకుంటారు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు దేవుడి పటంవైపు చూసి మాట మార్చేస్తారు. గని మూతపడింది, గనిలోకి దిగే షాఫ్ట్ మీది ఇనుప చక్రం తుప్పుపట్టి నిలిచిపోయింది. ఆ కట్టుబాటు మాత్రం నిలిచే ఉంది.

శశికళకు ఆ సంగతి తెలుసు. కానీ ఆ సాయంత్రం ఆమె బుర్రనిండా ఒక పరిశోధన పత్రమే ఉంది.

ఆమె బెంగళూరులో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతోంది. సెమినార్ కోసం ఒక్కొక్కరూ ఒక పత్రాన్ని వెతికి, చదివి, అందులో తేలనిదేదో తేల్చి చూపించాలి. నెట్‌లో వెతుకుతుంటే సొంత ఊరి పేరే కనబడింది. మూతపడిన గనుల కింద పుట్టే చిన్నచిన్న అదుర్ల మీద రాసిన పత్రమది. పాత సొరంగాల్లో నీళ్ళు నిండుతున్నాయి, ఆ ఒత్తిడికి రాయి సర్దుకుంటోంది అన్నారు రాసినవాళ్ళు. ఏటికేడు అదురు పుట్టే చోటు పైపైకి వస్తోందట. నీటిమట్టం పెరుగుతోంది కదా, అంతవరకూ బాగానే ఉంది.

చివరి పటం దగ్గరే ఆమె ఆగిపోయింది. అందులో కొన్ని గీతలను 'మూలం తెలియని చప్పుడు' అని పక్కన పెట్టేశారు. అన్నీ సంజవేళవే. దగ్గరదగ్గరగా మూడు, కాస్త ఎడం, మళ్ళీ రెండు. రాయి అంత వరసగా విరగదు. దాని మూలం పట్టుకుంటే సెమినారేమిటి, పీహెచ్‌డీకే దారి దొరుకుతుందని ఆశ పుట్టింది. అందుకే సెలవుకు అవ్వ దగ్గరికి వచ్చింది.

అవ్వ అక్కయమ్మ ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చేతులనిండా గాజులు. మొగుడు చిక్కవెంకటప్ప గనిలో పోయినాడని ఊరంతా అన్నా, శవం పైకి రాలేదు కాబట్టి ఆమె బొట్టు తీయలేదు.

టంగ్... టంగ్.

అవ్వ స్టీలు లోటాతో నేలమీద తట్టింది. శశికళ చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటే ఆమె అరవదు, ఇట్లా తడుతుంది. అట్లా రెండుసార్లు తడితే అన్నానికి రమ్మని.

"వస్తా ఉండానవ్వా..."

"ఈ మాట పొద్దున్నించీ ఇంటా ఉండాను. నువ్వొచ్చేలోపల నంగలికి పోయి రావచ్చును. సంగటి ఆరిపోతా ఉండాది, రా మే."

సంగటి తినిపించి, నూనె గిన్నె తీసుకుని, అవ్వ లైను చివరి మారమ్మ గుడికి దీపం పెట్టడానికి పోయింది. ఇల్లు సద్దుమణిగింది. తేనీటి రంగు వెలుతురు కిటికీలోంచి జారిపోతోంది. నేల బండల సందుల్లోంచి తడి మన్ను వాసన, దాని వెనకాల కాలిన మందుగుండులాంటి ఘాటు. శశికళ అదురును గీతలుగా చూపించే యాప్ తెరిచి, ఫోను నేలమీద పెట్టింది.

గీత వణికింది.

మూడు... రెండు.

చెవికేమీ వినబడలేదు. అరికాళ్ళకు మాత్రం తెలిసింది.

తెలియని చప్పుడును కొలవాలంటే పక్కన తెలిసిన చప్పుడు ఒకటుండాలి. క్లాసులో నేర్చుకున్నదే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని, మూలనున్న రోకలి తీసుకుని అదే వరసలో నేలమీద కొట్టింది. మూడు. రెండు.

కింద అంతా ఆగిపోయింది.

తర్వాత... ఒక్కసారిగా మొదలైంది. మూడు రెండు. మూడు రెండు. గబగబా, ఆత్రంగా. గూట్లో దీపం ఊగింది.

వాకిట్లో నూనె గిన్నె కిందపడిన చప్పుడు.

"ఎవురే కొట్టింది?" అవ్వ గొంతు గుసగుసలాడింది.

"నేనే అవ్వా... టెస్టు కోసరం..."

"బదులు కొట్టేస్తివా తల్లీ!"

అవ్వ ద్వారబంధం పట్టుకుని నిలబడింది. "లోపల రాయి పగిలి దోవ మూసుకుంటే, చిక్కుకున్నోళ్ళు పైపు మీద అట్ల కొడతారు. బతికే ఉండామని. పైనోళ్ళు అట్లే కొడితే, వస్తా ఉండామని మాటిచ్చినట్ల. ఆ పొద్దు మీ తాత కొట్టినాడు. పైనోళ్ళు బదులు కొట్టినారు. ఆమీట రాయి మళ్ళా జారింది. కాపాడేదానికి దిగినోళ్ళంతా ఎనక్కి వచ్చేసినారు. ఆయప్ప మాత్రం... కొడతానే ఉండాడు."

"నువ్వు ఇన్నేండ్లూ..."

"ఇంటానే ఉండాను. మొగుడు పిలస్తా ఉంటే పలక్కుండా ఉండేది ఎంత కష్టమో ఆ వెంకటరమణునికే ఎరుక. పోలేనిదాన్ని, వస్తానని ఎట్ల చెప్పేది?"

దెబ్బలు గోడ దగ్గర్నుంచి జరిగి, సరిగ్గా శశికళ కాళ్ళ కిందికి వచ్చాయి. ఆమె పక్కకు అడుగేసింది. అవీ పక్కకు వచ్చాయి.

"అవ్వా... ఇప్పుడేమయితుంది?"

"మాటిచ్చినోళ్ళు పోవాల."

అవ్వ కొంగు నడుముకు చుట్టుకుంది. మనవరాలిని పక్కకు నెట్టి, ఆమె నిలబడిన చోటే తాను నిలబడింది. రోకలి అందుకుంది. మూడు. రెండు. గాజులు గలగలమన్నాయి.

"ఈ మాట నాది," అంది నేలవైపు చూస్తూ. "బిడ్డది కాదు."

చప్పుడు ఆగిపోయింది.

పొద్దున లేచేసరికి అవ్వ పక్క ఖాళీ. ముందు తలుపు, వెనక తలుపు, రెండూ లోపలి గడియ పెట్టినట్టే ఉన్నాయి. రోకలి మూలనే ఉంది, సగందాకా తడిసి, బూడిదరంగు బురద అంటుకుని. నాన్న మునీంద్ర ఊరిగాం నుంచి పరుగున వచ్చాడు. పోలీసులు పాత షాఫ్టుల చుట్టూ వెతికారు. ఏమీ దొరకలేదు. ఇంట్లో వస్తువులన్నీ ఉన్నాయి. లోటా ఒక్కటే లేదు.

ఆ సంజవేళ నాన్న గుడి దగ్గర మనుషులతో మాట్లాడుతుంటే, శశికళ మళ్ళీ ఫోను నేలమీద పెట్టింది. గీత కదల్లేదు. లైనులో ఏ ఇంటా చప్పుడు లేదు. మూడూ రాలేదు, రెండూ రాలేదు. అవ్వ తాతను చేరుకుందేమో, ఇంక అయిపోయిందేమో అనుకుని చేతులు జోడించింది.

అప్పుడు... గీత చిన్నగా కదిలింది.

టంగ్.

టంగ్.

రాతికి స్టీలు తగిలినట్టు. మెల్లగా, ముద్దుగా.

పలకకూడదు. ఆమెకు తెలుసు. అరచేత్తో నోరు మూసుకుంది. కానీ అప్పటికే, చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ, మాట జారిపోయింది.

"వస్తా ఉండానవ్వా..."

ఫోనులో గీత నిశ్చలంగా ఉంది. నేల బండల సందులోంచి, సన్నగా, వేడి సంగటి వాసన వచ్చింది.