రెండు జతల హెడ్లు

పొద్దున్నే కళ్లాపి చల్లడానికి బయటికి వచ్చిన యశోదకు వాకిట్లో అడుగు పెట్టే సందు లేదు. ట్రాన్స్‌పోర్టు లారీ దించిపోయిన రెండు చెక్కపెట్టెలు మెట్లకు అడ్డంగా ఉన్నాయి. ఆమె భర్త కోటేశ్వరరావు అప్పటికే మూతలు ఊడబెరికి, గోనెపట్టాలు విప్పి, ఒక ఇనుప దిమ్మను మోకాళ్ల మీద పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ముందు మొహం కడుక్కోండి. అదెక్కడికీ పోదు."

"ఇదేందో తెలుసా నీకు?"

"తెలవదు. చెప్పకుండా మీరు ఊరుకోరు గదా."

రాజుపాలెం కొత్తగా మండలమైన ఏడాది అది. దాచేపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో పనిచేసి వెళ్లిపోతున్న పెద్ద ఆఫీసరు దగ్గర కోటేశ్వరరావు ఒక విదేశీ కారు కొన్నాడు. రెండే సీట్లు. దాంట్లోకి ఎక్కరు, దిగుతారు, అంత ఎత్తు తక్కువ. ఇంజను ఎనిమిది సిలిండర్లది, అటు నాలుగు, ఇటు నాలుగు. ఒక్కో వరస మీద మూతలా ఒక్కో హెడ్డు. ఎవరో ఎప్పుడో నీళ్లు పోయకుండా నడిపినందువల్ల రెండు హెడ్లూ పగుళ్లిచ్చాయి. మద్రాసులో పాత విదేశీ సామాన్లు అమ్మే వ్యాపారి రెండు జతలు పంపి, నచ్చినది ఉంచుకుని రెండోది తిప్పి పంపమన్నాడు.

"ఈ జత మామూలు రోడ్డు బండిది," అన్నాడు కోటేశ్వరరావు. "ఇది పందేల కోసం చేసింది. లోపలి గుంట చూడు, చిన్నది. వాల్వులు పెద్దవి. గాలీ పెట్రోలూ బాగా నొక్కుకుపోయి మండుద్ది. దీని పికప్పే వేరు."

పక్కపక్కన పెడితే యశోదకు రెండూ ఒకలాగే కనిపించాయి.

నోట్లో వేపపుల్లతో మామగారు వెంకట్రామయ్య వసారాలోకి వచ్చాడు. "ఏందిరా ఈ సామాను?"

"కారుది నానా. ఏ జత పెట్టించాలా అని చూస్తున్నా."

"ఊళ్లో తిరగటానికే గదా. ఏదో ఒకటి పెట్టించు."

"అంతే నానా. ఊళ్లో తిరగటానికే."

యశోద భర్త వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. ఫిబ్రవరిలో మద్రాసు దగ్గర షోళవరం పందేలకు ఆ కారు తీసుకెళ్లాలని అతని కోరిక. ఆ సంగతి ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

"తిప్పి పంపే జత నేను ట్రాన్స్‌పోర్టులో వేయిస్తాలే," అన్నాడు వెంకట్రామయ్య.

పందెం జతను నరసరావుపేటలో, కారు విప్పి పెట్టిన మెకానిక్కు మౌలాలీ షెడ్డుకు చేర్చి, కోటేశ్వరరావు పత్తి లోడుతో గుంటూరు వెళ్లాడు. మర్నాడు వెంకట్రామయ్య రెండో పెట్టెను జీపులో వేయించుకుని పేటకు వెళ్లాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇంకా తీయలేదు. కాసేపు కూర్చుందామని షెడ్డుకు వెళ్లాడు.

మౌలాలీ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. ఊళ్లో ట్రాక్టర్లన్నీ అతని చేతి మీదే నడుస్తాయి. "రా బాబాయ్. మీవోడు షోళవరంలో మన పేరు నిలబెడతాడు చూడు."

"షోళవరంలో ఏముంది?"

మౌలాలీ నాలుక కరుచుకున్నాడు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. కొంచెం కొంచెంగా అంతా చెప్పాల్సి వచ్చింది.

వెంకట్రామయ్యకు గుంటూరు ఆస్పత్రి వరండా గుర్తొచ్చింది. కాలేజీలో చదివేటప్పుడు కొడుకు మోటారు సైకిలు మీద నుంచి పడి, మోకాలిలో రాడ్డు వేయించుకున్నాడు. ఆ రోజుల్లో వెంకట్రామయ్య ఆ వరండాలోనే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు. ఆ బండి కొనిచ్చింది తానే. ఆ మాట ఎవరూ అనలేదు గానీ, అతను తనకు తాను అనుకుంటూనే ఉన్నాడు.

"మౌలాలీ, జీపులో రెండో జత ఉంది. అది బిగించు."

"నేను చెప్పానని తెలిస్తే కోటేశు ఊరుకోడు బాబాయ్."

"వాడికి చెప్పొద్దు. పందెం జతే బిగించావని అనుకోనీ. మెత్తగా పోయే బండిలో పందేనికి పోతే ఓడిపోయి వస్తాడు. ప్రాణంతో వస్తాడు గదా."

"అన్యాయం బాబాయ్ అది. నా పని మీద నమ్మకంతో ఇచ్చిపోయాడు."

"నాకు ఒక్కడేరా," అన్నాడు వెంకట్రామయ్య. మౌలాలీ జీపు వైపు నడిచాడు.

ఇంటికి వచ్చి వెంకట్రామయ్య కోడల్ని అడిగాడు. "నీకు తెలుసా అమ్మాయ్, ఆ పందేల సంగతి?"

యశోద బియ్యం చెరుగుతున్న చేట కింద పెట్టింది. "తెలుసు మావయ్యా. మీతో చెప్పమని చానా సార్లు అన్నా. మీకు భయమైతే ఆయన్నే అడగండి. మొహం మీద అడిగితే అబద్ధమాడడు."

"అడిగితే మానుకుంటాడా?"

"అది నాకు తెలవదు. అడగకపోతే మాత్రం మీ భయం ఆయనకి తెలవదు."

వెంకట్రామయ్య తువ్వాలు భుజాన వేసుకుని చేను వైపు వెళ్లిపోయాడు. తాను చేసిన పని ఆమెకు చెప్పలేదు.

కారు ఇంటికి వచ్చింది. "బిగించా," అని మాత్రం అన్నాడు మౌలాలీ. ఏ జత అని కోటేశ్వరరావు అడగలేదు. అడగాలని తోచనే లేదు. విప్పి కట్టిన ఇంజను కొన్నాళ్లు అదమకుండా, మెల్లగా నడపాలి. అతను అలాగే నడిపాడు. మధ్యలో పికప్పు చూడాలని మనసు లాగినా కాలు బిగబట్టుకున్నాడు.

సంక్రాంతి దాటాక దాచేపల్లి నుంచి కబురొచ్చింది. వెంకట్రామయ్య చెల్లెలికి ఒంట్లో బాగాలేదు. బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు. యశోద అత్తగారు రామాయమ్మ భర్తను తొందరపెట్టింది. "ఏందయ్యా ఇంకా చూస్తా కూర్చున్నావు? అబ్బాయి బండి ఉందిగా. దాంట్లో కూర్చో."

"నడుం వంగదే నాకు దాంట్లోకి."

"చెల్లెలి కోసం వంచు."

పిడుగురాళ్ల దాకా కోటేశ్వరరావు నెమ్మదిగానే నడిపాడు. ఊరు దాటాక సిమెంటు లారీ ఒకటి ముందు పడింది. టార్పాలిన్ కింద నుంచి బూడిదలా దుమ్ము రాలుతోంది.

"మెల్లగా నడిపే మొక్కు నిన్నటితో తీరింది నానా. చూడు ఇప్పుడు."

లారీని దాటడానికి కారును కుడివైపుకి తీశాడు. ఎదురుగా దూరంగా బస్సు వస్తోంది. కోటేశ్వరరావు దూరం చూసుకున్నాడు, లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క పందెం హెడ్లకు వేసిన లెక్క. వెంకట్రామయ్య కొడుకు మొహం చూశాడు. దాంట్లో ఏ అనుమానమూ లేదు. తాను చేసిందేమిటో అప్పుడు అతనికి తెలిసొచ్చింది.

"కోటిగా, దీనికి ఆ బలం లేదురా. అవి ఆ హెడ్లు కావు. వెనక్కి రా."

కోటేశ్వరరావు కాలు అదిమాడు. ఇంజను అరిచింది గానీ కారు అనుకున్నంత ముందుకు దూకలేదు. లారీ సగం కూడా దాటలేదు. తండ్రి మాట అప్పటికి బుర్రకెక్కింది. బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కి దూరాడు. బస్సు హారను కొట్టుకుంటూ పక్క నుంచి పోయింది. దాని గాలికి కారు ఊగింది.

కొంచెం దూరంలో రోడ్డు దిగి ఆపాడు. ఇద్దరూ దిగలేదు.

"ఎవరు మార్చారు?"

"నేనే. మౌలాలీని ఏమనమాక. బతిమాలి చేయించా."

"ఎందుకు నానా?"

"పందేలకు పోతున్నావని తెలిసి. నువ్వు మెల్లగా పోతే బతికుంటావనుకున్నా."

కోటేశ్వరరావు స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుని ఉన్నాడు. "కొట్టాల్సింది. తిట్టాల్సింది. బండి తగలబెట్టినా ఊరుకునేవాణ్ణి. లేని బలం ఉందని నమ్మించి రోడ్డు మీదికి పంపావు గదా. నేనొక్కణ్ణే ఉన్నా, యశోద పక్కనున్నా, చెప్పేవాళ్లెవరు?"

వెంకట్రామయ్య తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. కొడుకు ముందు అతను ఏడవడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం చెల్లెల్ని చూసి ఇంటికొచ్చాక, జరిగింది విని రామాయమ్మ భర్తను దులిపేసింది. తర్వాత కొడుకునూ వదల్లేదు. యశోద అన్నం వడ్డించి, అక్కడే నిలబడింది.

"మీ నానది తప్పే," అంది భర్తతో. "ఊళ్లో తిరగటానికే అని మొదట చెప్పింది ఎవరు?"

"చెబితే ఒప్పుకునేవాడా?"

"ఆయనా అదే అనుకున్నాడు, చెబితే మీరు వినరని. ఇద్దరూ ఒకటే బళ్లో చదివినట్టున్నారు."

రామాయమ్మ నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. కోటేశ్వరరావు చాలాసేపు అన్నం కలుపుతూ కూర్చున్నాడు. "నిజమే నానా," అన్నాడు చివరికి. "షోళవరం పోవాలని నాకు చానా కోరిక. నీకు ముందే చెప్పాల్సింది."

మర్నాడు తండ్రీకొడుకులు కలిసి పేటకు వెళ్లారు. మౌలాలీ వాళ్లను చూడగానే బెంచీ మీద నుంచి లేచాడు. నిన్నటి సంగతి విని మళ్లీ అక్కడే కూలబడ్డాడు.

"మీ నాన అడిగాడని కాదు, నేను ఒప్పుకున్నా, అదీ తప్పు. ఇంజను చూసుకున్నా గానీ నడిపేవోణ్ణి చూసుకోలా. ఇక ఎవరు చెప్పినా, ఏం బిగించానో బండాయనకి చెప్పే పంపుతా కోటేశా."

"సర్లే అన్నా. ఇప్పుడు ఏది పెడదాం?"

పందెం జత మూలన గోనెపట్టా కింద అలాగే ఉంది. మౌలాలీ రెండు జతలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "ఇవి బిగిస్తే మన బంకు పెట్రోలు సరిపోదు. ఇంజను లోపల టకటకా కొట్టుకుంటది. పందేనికైతే ఇవే. మన రోడ్డుకైతే అవే."

కోటేశ్వరరావు తండ్రి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు నానా."

"నేను చెబితే వద్దంటా. నన్నడగమాక."

"వద్దను. వింటా. తర్వాత నా మాట చెబుతా."

వెంకట్రామయ్య పందెం హెడ్డు మీద చెయ్యి పెట్టాడు. చల్లగా, బరువుగా ఉంది. కొడుకు దాన్ని మోకాళ్ల మీద పెట్టుకున్న పొద్దున తాను అటు సరిగ్గా చూడను కూడా లేదు.

"నాకు భయం," అన్నాడు. "ఆస్పత్రి కాడ కూర్చున్నప్పట్నుంచీ భయమే. అది పోదు."

"నాకు తెలవదు నానా. నువ్వెప్పుడూ అనలా." కోటేశ్వరరావు మామూలు జతను పక్కకు జరిపాడు. "పందెం జతే పెడదామనుకుంటున్నా. ఆ బండి ఈ రోడ్డు మీద నడపను. లారీ మీద ఎక్కించి షోళవరం తీసుకుపోతా. ఎదురు బస్సులు లేని చోటే నడుపుతా. ఈ మామూలు జతకీ డబ్బు పంపి ఉంచుకుని, పందెం అయ్యాక మళ్లీ పెట్టిస్తా. సరేనా?"

మౌలాలీ స్పానర్లు సర్దుతున్నట్టు నటిస్తూ చెవి ఇటే పెట్టాడు.

"ఆ లారీలో ఎంతమంది పడతారు?" అని అడిగాడు వెంకట్రామయ్య.

"ఎందుకు నానా?"

"నేనూ వస్తా. చూడగలుగుతానో లేదో తెలవదు. ఇంటికాడ కూర్చుని కబురు కోసం చూడటం మాత్రం నా వల్ల కాదు."

కోటేశ్వరరావు తల ఊపాడు. తండ్రి హెడ్డుకు ఒక కొస పట్టుకుంటే తాను రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని కారు దగ్గరికి మోశారు.