పెబ్బేరు సంతలో రాయబారి బేరం

"మాసయ్యను చంపింది మీరే మేడం! కత్తి వాళ్లది, పేరు చెప్పింది మీరు!"

గద్వాల బస్టాండు ఎదుటి లాడ్జిలో తలుపు మూయకముందే ఏజెంట్ జాన్ అరిచాడు. గూఢచారి శాఖ చీఫ్ లలితమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. కేకలకు అలవాటు పడిన మనిషి ఆమె. నిజాలకు కాదు.

మాసయ్య శాఖకు కొరియర్. గల్ఫ్ నుంచి సమాచారం మోసుకొచ్చేవాడు. నిన్న నాగర్‌కర్నూలు బస్టాండులో పట్టపగలే పొడిచేశారు.

"వాని పేరు బయటోళ్లల్ల మురహరిరావుకే తెల్సు. మీరే చెప్పిన్రు. అవునా, కాదా?"

"రిటైర్డ్ రాయబారి. మర్యాదకు బ్రీఫింగ్ పంపాం. అది ఆనవాయితీ."

"గట్లనా! శవాన్ని గూడ గదే మర్యాదతోని మోద్దురు, రాండ్రి."

అది 2007. రాష్ట్రపతి ఎన్నికల ఏడాది. బతుకంతా అంతర్జాతీయ సభల్లో గడిపిన మురహరిరావు, ఆ పదవికి పోటీ చేస్తూ వీపనగండ్ల భూమిపుత్రుడినంటూ ఊడిపడ్డాడు. వనపర్తిలో సన్మానం కూడా చేయించుకున్నాడు. ఎంపీల, ఎమ్మెల్యేల ఓట్లు కొనడానికి సొమ్ము పెడుతున్నది 'సఫైర్' అనే విదేశీ ముఠా. బదులుగా వాళ్లకు కావలసింది ఒకటే. గల్ఫ్‌లో తమ గుట్టు బయటికి పంపుతున్న భారత ఏజెంట్ ఏ విల్లాలో ఉంది?

ఒకే కాంపౌండు, అరవై విల్లాలు, విల్లాకొక పాలమూరు పనిమనిషి. వాళ్లలో ఏజెంట్ ఎవరో ముఠాకు తెలియదు. మురహరిరావుకు తెలుసు. రాయబారిగా ఉన్నప్పుడు ఆమెను అక్కడ పెట్టించింది ఆయనే.

ఆమె పేరు రజిత. జాన్‌కు సొంత చెల్లెలు.

"ముందు దాన్ని రప్పియ్యున్రి."

"పాస్‌పోర్ట్ యజమాని దగ్గరుంది. ఎంబసీ కాగితం కావాలి. ఫైలు కదులుతోంది."

"ఫైలు కదిలేటాళ్లకు మనిషి కదలదు మేడం."

లలితమ్మ వినిపించుకోలేదు. "మాసయ్య పంపిన ఆఖరి మాట విను. రేపు పెబ్బేరు సంతలో మురహరిరావు కెమెరాల ముందు తన ఎద్దును అమ్ముతాడు. కొనేవాడు రాయచూరు వ్యాపారి వేషంలో ఉన్న సఫైర్ మనిషి. సంత పద్ధతి నీకు తెలుసు."

జాన్‌కు తెలుసు. పెబ్బేరులో ధర నోటితో చెప్పరు. దలారి తువ్వాల కప్పి, అమ్మేవాడి వేళ్లు పట్టి ధర తెలుసుకుంటాడు. అదే ధర కొనేవాడి వేళ్లు పట్టి చెబుతాడు. దలారికి అది ఎద్దు ధర. ముఠాకు అది విల్లా నంబరు. ఫోన్ ట్యాప్ చేయొచ్చు, కాగితం పట్టుకోవచ్చు. తువ్వాల కింది వేళ్లను ఏ శాటిలైట్ చూస్తుంది?

పాలమూరు పిల్లను పాలమూరు పద్ధతిలోనే అమ్ముతున్నాడు!

"దలారిని నేనే అయిత."

"సుమన ఏర్పాటు చేసింది."

సుమన మురహరిరావు ప్రెస్ సెక్రటరీ. ముఠాలో శాఖ మనిషి. నల్ల కళ్లద్దాలు, గద్వాల చీర, రెండు వైపులా నవ్వగల నవ్వు. తెల్లారి హోటల్లో ఆమెకు టీ పోయించి, జాన్ గుసగుసగా చెప్పాడు: "నేను యాభై ఒకటి చెప్త. ఆ విల్లాల అక్కడి పోలీసులు కాచుకొని ఉన్నరు."

"నీ చెల్లెలికి ఏం కాదు జాన్," అంది సుమన, అతని చేయి నొక్కి.

సంతలో దుమ్ము మోకాలెత్తున లేస్తోంది. జాన్ తలపాగాలో ఇయర్‌ఫోన్. ఎద్దు మెడపట్టెడలో మైక్. ఎద్దు పగ్గం పట్టుకున్నది రాయబారి పొలం కౌలుకు చేసే రుక్కమ్మ.

"ఏందయ్యా, దలారివేనా నువ్వు? నోరు తెరిచి పండ్లు సూడకుండనే బేరానికొస్తివి!"

"ఎవరి పండ్లమ్మా, ఎద్దువా, సారువా?"

"సారువి సూస్తే రేటు పడిపోతది," అని రుక్కమ్మ పకపకా నవ్వింది. "ఎద్దుకు ఒక్కనాడు నీళ్లు తాపలే గాని, అమ్మనీకె వచ్చిండు."

కెమెరాలు మెరిశాయి. మురహరిరావు మెత్తటి చేయి తువ్వాల కిందికి వచ్చింది. మూడు వేళ్లు. ఆ తర్వాత రెండు. ముప్పై రెండు. రజిత ఉండే విల్లా. చెల్లెలి ప్రాణం అరచేతిలో పెట్టి ఆయన ఫోటోకు నవ్వుతున్నాడు!

జాన్ ఇటు తిరిగి వ్యాపారి వేళ్లు పట్టాడు. నాలుగు. మళ్లీ నాలుగు.

వ్యాపారి ఎద్దు పక్కకు జరిగి సెల్‌ఫోన్ తీశాడు. సుమన దగ్గరికి వెళ్లింది. ఇయర్‌ఫోన్‌లో ఆమె గొంతు స్పష్టంగా వినబడింది.

"యాభై ఒకటి అన్నాడా? నమ్మకు. అది పోలీసుల వల."

"అల్లమ్మా, యాభై ఒకటి కాదు. నలభై నాలుగు."

"అయితే అదే నిజం. చేసెయ్ ఫోన్."

జాన్ కళ్లు మూసుకున్నాడు. పోలీసులు కాచుకున్నది నలభై నాలుగులోనే. యాభై ఒకటి సుమనకు పెట్టిన పరీక్ష. ఆమె నెగ్గాలని అతను నిజంగా కోరుకున్నాడు.

వ్యాపారి మాట పూర్తికాగానే గొర్రెల కాపర్ల వేషంలోని మనవాళ్లు ఇద్దరినీ పట్టేశారు. కాసేపటికి లలితమ్మ ఫోన్.

"నలభై నాలుగులో గోడ దూకినవాళ్లంతా దొరికారు. శభాష్."

"మురహరిరావును గూడ జీపు ఎక్కిస్తున్న."

"వద్దు. రేపు రాష్ట్రపతై ఆయనే మన సర్వసేనాధిపతి కావచ్చు. నువ్వేమీ చూడలేదు."

"నా చెల్లె?"

"ఫైలు కదులుతోంది."

జాన్ ఫోన్ కట్ చేశాడు. అక్కడ మురహరిరావు మైకు ముందు గొంతు సవరించుకుంటున్నాడు. "ప్రపంచంతో మాట్లాడినవాడే ఈ దేశానికి పెద్ద కావాలి..."

జాన్ మైకు గుంజుకున్నాడు.

"బయటి దేశాలల్ల కొలువు చేసుడు తప్పు గాదు సారు. మంచోళ్లూ ఉన్నరు. కానీ బల్ల కాడ కూసున్న ప్రతిసారి ఏదో ఒకటిచ్చి ఏదో ఒకటి తెచ్చుకునుడే మీ పని. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోలే. ఈసారి ఇయ్యనీకె ఏం లేకపోతే నా చెల్లె విల్లా నంబరు ఇచ్చినవ్! రాష్ట్రపతివైతే ఇంకెవరినిస్తవ్?"

మురహరిరావు చెక్కు చెదరలేదు. "బాబూ, దౌత్యంలో కొన్ని నష్టాలు తప్పవు."

"నీ బిడ్డయితే నష్టమంటవా?" రుక్కమ్మ పగ్గం వదిలేసి ముందుకు వచ్చింది. కెమెరాలన్నీ ఆమె వెంట తిరిగాయి.

"పెద్ద కుర్చీ అడిగేటోడు ఏ దేశపోనికి ఏమిచ్చిండో, ఏం తీసుకుండో ముందు జనానికి చెప్పాలె," అన్నాడు జాన్. సొంత సెల్‌ఫోన్ రాయబారి చేతిలో పెట్టాడు. "మీ పాత దోస్తులకు ఫోన్ కొట్టు. నా చెల్లె పాస్‌పోర్ట్ ఇప్పియ్యి, బేగంపేట ఏర్‌పోర్టుల దింపు. నీ నామినేషన్ చింపు. రెండూ ఇయ్యాల్నే. ఫోన్ బిల్లు నేను కడ్త."