గాలి ఎటునుంచి?

"అన్నా... గాలి ఎటునుంచి?"

రేడియోలో పైలట్ గొంతు గరగరమంటోంది.

షావుకారు రేడియో గది కిటికీలోంచి చూస్తాడు. మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నల్లబడింది. పడమట ఉరుములు. స్తంభం మీద గాలి దిక్కు చూపే గాలిసంచి ఉబ్బిపోయి, తోక పడమరకేసి చాచి కొట్టుకుంటోంది.

అంటే గాలి తూర్పునుంచి.

"ఈ దుమ్ములో నాకు గాలిసంచి కనబడట్లేదన్నా. పెట్రోలు పది నిమిషాలకుంది. ఎటు తిప్పి దించను?"

చిన్న విమానం ఎదురుగాలిలోనే దిగాలి. గాలి వెనకనుంచి తోస్తే ఆగదు. పడమటి కొసన, రన్‌వే అయిపోయిన చోటే రాళ్ల క్వారీ... అరవై అడుగుల లోతు.

విమానం షావుకారుది. రన్‌వే షావుకారుది. నడిపేవాడు మాత్రం అతని భార్యకు మేనబావ.

"మరదల్ని టీ పెట్టమను. దిగితే నేను తాగుతా, లేకపోతే నువ్వు తాగు."

మరదలు!

పన్నెండేళ్ల కాపురంలో ఆమె తనను చూసి మనసారా నవ్వింది ఎన్నిసార్లు? లెక్కకి ఒక చేతి వేళ్లు చాలు. బావ వచ్చిన రోజు వంటింట్లో గిన్నెలు కూడా నవ్వుతాయి. కొట్టు తనది, గిరాకీ వాడిది. ఇదేం బేరం?

షావుకారు బటన్ నొక్కుతాడు.

"పడమరనుంచి. ముక్కు పడమరకి పెట్టి దిగు."

"నీ మాటే నాకు కళ్లు."

తూర్పు కొసన విమానం దీపం కనిపిస్తుంది. రెక్కలు అటూ ఇటూ ఊగిపోతున్నాయి.

"అన్నా... నేల మరీ వేగంగా జారిపోతోంది. సరిగ్గా చూశావా?"

ఒక్క మాట చాలు. వాడు పైకి లేపేసుకుంటాడు.

షావుకారు మళ్లీ బటన్ నొక్కుతాడు.

"చూశాను. దిగు."

అప్పుడు...

గాలి ఆగింది.

గాలిసంచి చచ్చిన పాములా వేలాడింది. ఒక క్షణం. రెండు.

ధన్!

పడమటి తలుపు విరిగి లోపలికి పడింది. వెనకే దుమ్ముగోడ. తుఫాను తన గాలిని తనకన్నా ముందే తోసింది. గాలిసంచి గిర్రున తిరిగి తూర్పుకి చాచుకుంది.

విమానం పైకెగిరింది. ఎడమ రెక్క వాలింది... లేచింది. చక్రాలు నేలను తాకి ఎగిరాయి, మళ్లీ తాకాయి. ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపినట్టు, సగం రన్‌వేలోనే ఆగిపోయింది.

పైలట్ వానలో పరిగెత్తుకొచ్చి షావుకారుని కావలించుకుంటాడు.

"గాలి తిరగకముందే ఎలా పసిగట్టావన్నా? తూర్పు అనుంటే ఈపాటికి ముక్కలయ్యేవాణ్ణి."

షావుకారు నవ్వబోతాడు. పాపం పెట్టుబడి పెడితే పుణ్యం లాభంగా వచ్చింది.

విరిగిన తలుపు దగ్గర భార్య. నిలువునా తడిసి, జుట్టునిండా మట్టి. చేతిలో చిన్న రేడియో... వినడానికే తప్ప పలకడానికి పనికిరానిది.

"నేను స్తంభం కిందే ఉన్నాను," అంటుంది భర్తతో. గొంతు బొంగురుపోయింది. "మీరు గాలి పడమరనుంచి అన్నప్పుడు అది తూర్పునుంచే వీస్తోంది, నా కొంగు పడమరకే ఎగురుతోంది. అరిచాను. మీకు వినపడలేదు."

పైలట్ చేతులింకా షావుకారు భుజాల మీదే ఉన్నాయి.

"బావా... ఆయన్ని వదిలి ఇటు రా."