అలుపు అంకె పద్దెనిమిది

ఐదూ నలభై బండి గుండ్లవాగు స్టేషన్‌లోనే మొదలవుతుంది. అందుకే అది ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి ఖాళీగా ఉంటుంది. పన్నెండు పెట్టెలు, ఒక్కో పెట్టెలో అరవై సీట్లు. అన్నీ గోడలోకి మడిచి ఉంటాయి. ఆ ఉదయం మొదటి పెట్టెలో పదకొండు మంది ఎక్కారు. వాళ్ళలో నలుగురి ఎదుట సీట్లు మెల్లగా విచ్చుకున్నాయి. మిగిలిన ఏడుగురూ ఆ ఖాళీ పెట్టెలో కడ్డీలు పట్టుకుని నిలబడ్డారు.

దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఇరవై ఏళ్ళుగా అందరూ ఎరిగిన పద్ధతే. స్టేషన్ వాకిట్లో శ్రమతోరణం ఉంటుంది. దాని కింద నుంచి నడిచి వెళ్ళే మనిషి నడకలోని తూగును, రెప్పల బరువును అది చూస్తుంది. ముంజేతి పట్టీలోని నాడినీ, నిద్ర లెక్కనూ చదువుకుంటుంది. అన్నీ కలిపి దానిలోని కొలత యంత్రం, మాపిని, నూరులోపు ఒక అలుపు అంకె వేస్తుంది. అంకె ఎంత ఎక్కువైతే సీటు అంత ఖాయం. ఘట్‌కేసర్‌లోనో మౌలాలీలోనో ఎక్కబోయేవాళ్ళ అంకెలు కూడా పట్టీల ద్వారా ముందే అందుతాయి. కాబట్టి వాళ్ళ సీట్లు గుండ్లవాగు నుంచే మూసి ఉంటాయి.

తోరణ సహాయకురాలు మనోజ్ఞ బండి కదిలేదాకా చూసి తన గదిలోకి వచ్చింది. లైను ఇక్కడిదాకా పొడిగించి పదకొండు రోజులే అయింది. గోడల రంగు వాసన ఇంకా పోలేదు. బయట రోడ్డు పూర్తి కాలేదు. ప్రయాణికుల చెప్పులకు అంటుకొచ్చిన ఎర్రమట్టి ప్లాట్‌ఫారం పొడవునా ఎండి ఉంది. ఊడ్చే యంత్రం ఇంకా రాలేదు కాబట్టి ఆ పని కూడా మనోజ్ఞదే. ముప్పై తొమ్మిదేళ్ళకే ఆమెకు నడుం పట్టేస్తోంది.

మర్నాడు ఒకావిడ గది గుమ్మం దగ్గర ఆగింది. పేరు లాస్య. యాభైకి దగ్గర పడిన మనిషి. నగరంలో ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. సాయంత్రం ఒక హాస్టల్లో వంట చేసి, రాత్రి బండికి తిరిగి వస్తుంది. ఇక్కడ స్టేషన్ లేనప్పుడు పాత ఆఖరి స్టేషన్ దాకా గంటసేపు బస్సులో వెళ్ళేది.

"మేడం, మీ తోరణం జర చూస్తరా. నాకేమన్న తక్కువ చూపిస్తున్నదా అని." ఆ మాట అనడానికే ఆమె మొహమాటపడింది. "బండి ఈడికెల్లే మొదలైతది గద, సీటు దొరుకుతదనుకున్న. పన్నెండు దినాల సంది నిలవడే పోతున్న."

"మీ అంకె ఎంతొస్తుంది అక్కా?"

"పద్దెనిమిది. ఒక్కొక్కరోజు పంతొమ్మిది."

పద్దెనిమిది అంటే బాగా నిద్రపోయి లేచిన మనిషి అంకె. మనోజ్ఞ ఆవిడ మొహం వైపు చూడకుండానే, తోరణం కొత్తది కదా, పరీక్షిస్తానని చెప్పి పంపింది. పరీక్షించింది కూడా. తోరణంలో ఏ లోపమూ లేదు.

మధ్యాహ్నం బళ్ళు లేని వేళ మనోజ్ఞ లాస్య పాత నమోదులు తెరిచింది. పదిహేడేళ్ళ అంకెలు. పద్దెనిమిది, పదిహేడు, పద్దెనిమిది, ఇరవై. తెర మీద గీత గీసినట్టు ఒకే ఎత్తులో సాగిపోయాయి. ఒక్కచోట మాత్రం, కిందటి సంవత్సరం జూలైలో, ఎనభై ఒకటి.

మర్నాడు లాస్య రాగానే ఆ ఎనభై ఒకటి గురించే అడిగింది.

లాస్య కాసేపు ఆలోచించింది. "అవు. నీళ్ళు రాక లాండ్రీ నాలుగు దినాలు బంద్ పెట్టిండ్రు. హాస్టల్ పోరలకు గూడ సెలవులే. నాలుగు దినాలు పండుకున్న. ఐదో దినం పనికి పోయొచ్చి, ఆరో దినం పొద్దుగాల ఎక్కితే సీటొచ్చింది."

"కూర్చున్నవా?"

"కూసున్న. పండుకొని పండుకొని బద్ధకం పెరిగింది గావచ్చు, అందుకే అంకె గంత లేచింది అనుకున్న."

బండి వచ్చింది. ఆవిడ వెళ్ళి ఎప్పటిలాగే కడ్డీ పట్టుకుంది. మనోజ్ఞ ఈసారి కిటికీలోంచి ఆవిడను చూసింది. కళ్ళ కింద చర్మం నల్లబడి ఉంది. బరువంతా ఎడమకాలి మీదే వేసి నిలబడింది. ఈ పన్నెండు రోజుల్లో ఇది తనకు ఎందుకు కనబడలేదని మనోజ్ఞ ఆలోచించింది. అంకె చూశాక మనిషిని చూడవలసిన పని లేకపోయింది, అంతే. ఈ బళ్ళలో ఎవరైనా ఎవరికోసమైనా లేచి నిలబడగా చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం కొలతల విభాగానికి ఫోన్ చేసింది. ప్రణవ్ అనే ఇంజినీరు మాట్లాడాడు. గొంతులో విసుగు లేదు గానీ, రోజంతా ఇవే ప్రశ్నలకు జవాబులు చెప్పిన అలసట ఉంది.

"మాపిని ఒక మనిషిని ఇంకో మనిషితో పోల్చదండి. అట్లా పోలిస్తే ముసలివాళ్ళకీ, రోగులకీ తప్ప ఎవరికీ సీటు రాదు. అందుకే ఎవరిని వాళ్ళ మామూలు రోజులతోనే పోలుస్తుంది."

"ఈవిడకి అన్నీ ఒక్కలాంటి రోజులేనండి. పదిహేడేళ్ళుగా."

"అయితే స్థిరంగా ఉన్నారన్నమాట."

"అలిసిపోయి స్థిరంగా ఉంది."

"ఆ తేడా మాపినికి తెలియదండి," అన్నాడు ప్రణవ్. "ఒక వారం పూర్తిగా విశ్రాంతి తీసుకోమనండి. మామూలు రోజు అంటే ఏమిటో దానికి కొత్తగా తెలుస్తుంది. అంకెలు వాటంతట అవే సర్దుకుంటాయి."

వారం రోజుల సెలవు ఎవరిస్తారని మనోజ్ఞ అడగలేదు. ఆ సంగతి తేల్చేది ఆయన కాదు.

సోమవారం నగరంలో మీటింగ్ ఉండి ఆమె కూడా ఐదూ నలభైకే బయలుదేరింది. తోరణం ఆమెకు అరవై ఆరు వేసింది. పెట్టెలోకి అడుగు పెట్టగానే ఎదుట సీటు విచ్చుకుంది. నాలుగు అడుగుల అవతల లాస్య నిలబడి ఉంది.

"అక్కా, ఇటు రా. కూర్చో."

"అది మీది మేడం."

"నేనే ఇస్తున్న. కూర్చో."

లాస్య అనుమానంగా వచ్చి సీటు అంచున ఆనింది. లోపల ఎక్కడో సన్నగా గంట మోగి, సీటు ఆవిడను మెల్లగా ముందుకు నెడుతూ మడుచుకుపోయింది. ఆవిడ తూలి కడ్డీ పట్టుకుంది. ఎదుట కూర్చున్న కుర్రాడు, ఏదో ఆఫీసు ఉద్యోగిలా ఉన్నాడు, తల ఎత్తి, లాస్య పట్టీ మీది అంకె చూసి, సాయం చేసే ఉద్దేశంతోనే చెప్పాడు. "మీరే కూర్చోవాలండీ. వాళ్ళది పద్దెనిమిదే కదా."

మనోజ్ఞ సంచీ కింద పెట్టి, తలుపు పక్క నేల మీద చతికిలబడింది. లాస్యను చెయ్యి పట్టి కిందికి లాగింది. ఆవిడ సిగ్గుపడుతూ చీర సర్దుకుని కూర్చుంది. కుడి మోకాలు వంచలేక ముందుకు చాపింది. చుట్టూ ఉన్నవాళ్ళు కాసేపు చూసి చూపులు తిప్పుకున్నారు.

బండి వేగం అందుకుంది.

"మోకాలు ఎప్పటినుంచి నొస్తున్నది?" అంది మనోజ్ఞ.

"నొస్తనే ఉంటది. ఇంట్ల ఎప్పుడన్న కూలబడ్తే మా ఆయన అంకె అడుగుతడు. పద్దెనిమిదంటే, మరి లేవరాదే అంటడు. తిట్టడు, ఊకనే అంటడు. నిజమే గద అని లేస్త. నాకే పని మీద మనసు లేదు, ఒళ్ళు వంగుతలేదు అనుకునేదాన్ని."

మనోజ్ఞ ప్రణవ్ చెప్పిందంతా తనకు తెలిసిన మాటల్లో చెప్పింది. మాపినికి మనిషిలోని అలసటంతా తెలియదనీ, మామూలు కంటే పెరిగిన అలసటే తెలుస్తుందనీ చెప్పింది. ఎప్పుడూ దిగని బరువు దాని లెక్కలోకి రాదని చెప్పింది.

లాస్య తన పట్టీ వంక చూసుకుంది. తరువాత అరచేతులు తిప్పి చూసుకుంది. బట్టల సోడాకు వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"అంటే నేను అలిసిపోయిన్నా మేడం?"

"అలిసిపోయినవ్ అక్కా."

"ఎప్పటిసంది?"

లాస్య జవాబు కోసం ఆగలేదు. తలుపుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తన స్టేషన్ రాగానే అలవాటుగా లేవబోయింది గానీ కాలు నిలవలేదు. మనోజ్ఞ చెయ్యి అందించాల్సి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద గోడ పట్టుకుని ఆమె చాలా నెమ్మదిగా నడిచి వెళ్ళడం బండిలోంచి కనిపించింది. అంతకుముందు ఎన్నడూ ఆమె అట్లా నడవలేదు.

మంగళవారం లాస్య రాలేదు. బుధవారమూ రాలేదు. గురువారం ఐదూ నలభై వెళ్ళిపోయాక ఒక మనిషి గది ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒంటి మీద కాపలా ఉద్యోగి చొక్కా. స్టేషన్ వెనక కడుతున్న కొత్త కాలనీలో డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా నేరుగా ఇటే వచ్చినట్టున్నాడు.

"మేడం మీరేనా? నా పేరు శశాంక్. లాస్య పెనిమిటిని."

"ఎట్లుంది అక్క?"

"అది అడుగనీకే వచ్చిన. ఏం చెప్పిండ్రు మీరు ఆమెకు?" గొంతు పెంచలేదు గానీ కోపం కనిపిస్తూనే ఉంది. "సోమవారం రాత్రి వచ్చి పండుకున్నది, ఇంతవరకు లేస్తలేదు. జ్వరం లేదు. డాక్టర్ను పిలిస్తే ఏం లేదన్నడు. ఏమైందే అంటే అలిసిపోయిన అంటది. అంతే. అన్నం పెడితే ఇంత తింటది, మళ్ళ పండుకుంటది. లాండ్రీకెల్లి రెండుసార్లు ఫోన్ వచ్చింది. రేపు రాకుంటే వేరేటోళ్ళను పెట్టుకుంటరంట. ఇన్నేండ్లు మంచిగనే పోయి వచ్చింది మనిషి. మీతోని మాట్లాడినంకనే గిట్లయింది."

మనోజ్ఞ సర్దిచెప్పే ప్రయత్నం చేయలేదు. అతను చెప్పిందాంట్లో అబద్ధం ఏదీ లేదు. తాను ఆ మాట అనకపోతే లాస్య ఈ ఉదయం కూడా కడ్డీ పట్టుకుని నగరానికి వెళ్ళేదే.

"నేను చెప్పింది నిజమే అన్నా," అంది. "కానీ చెప్పినంక ఏమైతదో నాకు తెలియదు."

శశాంక్ గుమ్మానికి చెయ్యి ఆనించి కాసేపు పట్టాల వైపు చూశాడు. మూడు రోజులుగా వంటా, నీళ్ళూ, డ్యూటీ అన్నీ అతని మీదే పడి ఉంటాయి. అయితే ఆ కళ్ళలోని ఎరుపు మూడు రోజులది కాదు.

"పండుకున్నప్పుడు చూసిన ఆమెను," అన్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు. "పొద్దుటి డ్యూటీ, రాత్రి డ్యూటీ, నేనొస్తే ఆమె పోవుడు. పండుకున్న మొహం చూడక ఎన్నేండ్లయిందో. మా అమ్మ లెక్క ముసల్దిగ కనబడ్డది."

అతను చొక్కా చెయ్యి పైకి లాగి, పట్టీ ఉన్న ముంజేతిని కొంచెం ముందుకు చాపాడు. ఎవరైనా వింటున్నారేమోనని వెనక్కి చూశాడు. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు.

"నాది పన్నెండు వస్తది మేడం," అన్నాడు. "జర నాది గూడ చూస్తరా."

మనోజ్ఞ తెర వైపు తిరగలేదు. అతని మొహంలోకి చూసింది.